కోఆ చెట్టు కథ: విత్తనం మట్టిలో ఉంది, మట్టి ఎవరి చేతిలో ఉంది?



ఈసారి మన అడవిని వదిలి చాలా దూరం వెళ్తున్నాం. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో హవాయి దీవులు ఉన్నాయి కదా, అక్కడి కొండల మీద పెరిగే ఒక కలప చెట్టు గురించి ఈ పోస్టు. దాని పేరు కోఆ. గ్రూపులో కోయ పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాం: పేరు వినగానే చుట్టరికం కలపొద్దు. హవాయి భాషలో కోఆ అంటే ఈ చెట్టు, ఇంకో అర్థం యోధుడు. మన 'కోయ' మాటకూ దానికీ సంబంధం ఏమీ లేదు, శబ్దం దగ్గరగా పడింది, అంతే. రేపెవరైనా వాట్సాప్‌లో "హవాయి వాళ్ళు మన కోయలే" అని పంపితే ఫార్వర్డ్ చేయకండి. ఆ చెట్టుకూ, ఆ చెట్టును నమ్ముకున్న మనుషులకూ జరిగింది చదివితే మాత్రం, ఇది మనకు తెలిసిన కథేనని మీకే అనిపిస్తుంది.

రెండు దుంగలు దొరకలేదు

హవాయి మూలవాసులు తమను తాము కనకా మావోలీ అని చెప్పుకుంటారు. 'అసలు మనుషులు' అని దాని అర్థం. వెయ్యేళ్ళ కిందట దక్షిణాన ఉన్న దీవుల నుంచి జంట పడవల మీద, నక్షత్రాలూ అలలూ చూసుకుంటూ ఆ దీవులకు చేరిన వాళ్ళు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఆ పడవ విద్య దాదాపు మర్చిపోయారు. 1975లో హోకులేఆ అనే పడవను తయారుచేసి, 1976లో దిక్సూచి లేకుండా తాహితి దీవికి వెళ్ళి చూపించారు. దారి చూపడానికి మైక్రోనేషియా నుంచి మౌ పియైలుగ్ అనే నావికుడు వచ్చాడు, ఎందుకంటే హవాయిలో ఆ విద్య తెలిసినవాడు అప్పటికి ఒక్కడూ మిగల్లేదు. ఆ ప్రయాణం హవాయి యువతను లేపి కూర్చోబెట్టింది.

అయితే హోకులేఆ ప్లైవుడ్డు, ఫైబర్‌గ్లాసు, జిగురుతో చేసిన పడవ. 1990 ప్రాంతంలో వాళ్ళకు ఇంకో ఆలోచన వచ్చింది: ముత్తాతల లాగా చెట్టునే తొలిచి పడవ చేద్దాం. పడవ దుంగ అంటే అక్కడ కోఆ చెట్టే. నిలువునా ఎదిగి, లోపల పుచ్చిపోకుండా, అరవై అడుగుల దాకా పొడవుండే మాను కావాలి. జంట పడవ కాబట్టి అలాంటివి రెండు కావాలి. నైనోఆ థాంప్సన్, ఆయన తోటివాళ్ళు హవాయి దీవి కొండల్లో నెలల తరబడి తిరిగారు. చెట్లు కనిపించాయి గానీ పడవకు పనికొచ్చే రెండు మాన్లు దొరకలేదు.

చివరికి వాళ్ళు అలాస్కా వైపు చూశారు. అక్కడ ట్లింగిట్, హైడా, సిమ్షియన్ తెగలవాళ్ళ ఉమ్మడి సంస్థ ఒకటి ఉంది, పేరు సీయలాస్కా. విషయం విని, తమ అడవిలో దాదాపు 400 ఏళ్ళ వయసున్న రెండు స్ప్రూస్ చెట్లను ఉచితంగా ఇస్తామన్నారు. ఇక్కడ నైనోఆ వాళ్ళు చేసిన పని గమనించండి. చెట్లు నరకడానికి ముందు ఒక్క క్షణం ఆగారు. మన అడవిని పాడుచేసుకుని ఇంకొకళ్ళ అడవిలో ముసలి చెట్టును కొట్టడమేంటి అనిపించింది. తిరిగి ఇంటికి వెళ్ళి, కెఔహౌ అనే చోట 11 వేలకు పైగా కోఆ మొక్కలు నాటించే పని మొదలుపెట్టారు. వందేళ్ళ తర్వాత పుట్టే పిల్లలకు దుంగలు దొరకాలని. ఆ తర్వాతే స్ప్రూస్ దుంగలు హవాయికి వచ్చాయి. ఆ పడవకు హవాయిలోఆ అని పేరు పెట్టి 1993లో నీళ్ళలోకి దింపారు. 1995లో చెట్లిచ్చిన తెగల దగ్గరికే ఆ పడవలో వెళ్ళి కృతజ్ఞత చెప్పుకొచ్చారు.

ఒక తెగ ఇంకో తెగకు చెట్టిచ్చిన ఈ ముచ్చట బాగుంది. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. అన్ని కొండలున్న దేశంలో రెండు మంచి దుంగలు ఎందుకు దొరకలేదు? దానికి జవాబు కావాలంటే ముందు చెట్టు స్వభావం తెలియాలి, తర్వాత ఆ భూమి చరిత్ర తెలియాలి.

చెట్టు స్వభావం

కోఆ మన తుమ్మ కుటుంబానికి దగ్గరి చెట్టు, కాకపోతే ముళ్ళుండవు. ప్రపంచంలో హవాయి దీవుల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. హవాయి అడవుల్లో ఓహియా అనే ఎర్రపూల చెట్టు మొదటిది, కోఆ రెండోది. మామూలుగా 15 నుంచి 25 మీటర్లు పెరుగుతుంది, మంచి నేల దొరికితే 30 మీటర్లు దాటుతుంది. అక్కడి హిలో పట్టణం దాదాపు మన ఆదిలాబాద్ ఉన్న అక్షాంశం మీదే ఉంటుంది. కానీ ఎత్తైన కొండలు, ఎడతెగని వాన, అందుకని అడవి తీరు వేరు.

దీని ఆకు చూస్తే తమాషాగా ఉంటుంది. చిన్న మొక్కప్పుడు చింతాకులా, తుమ్మాకులా సన్నటి రెబ్బలుంటాయి. కొంచెం ఎదిగాక ఆ రెబ్బలు రావడం మానేస్తాయి. ఆకు కాడే వెడల్పయి, కొడవలిలా వంగి, ఆకు పని తనే చేస్తుంది. రోడ్ల పక్కన, ప్లాంటేషన్లలో నాటిన ఆస్ట్రేలియా తుమ్మను మీరు చూసే ఉంటారు. దాని 'ఆకు' కూడా అలాంటిదే. ఈ కొడవలి ఆకులు నిలువుగా వేలాడతాయి కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా తగలదు, నీళ్ళు ఆదా అవుతాయి. చిన్న మొక్కకు రెబ్బల ఆకు ఎందుకంటే, నీడలో ఉన్న కొద్దిపాటి వెలుతురునైనా పట్టుకోవడానికి.

వేళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. కంది మొక్కను పీకితే వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి కదా, కోఆ వేళ్ళకూ ఉంటాయి. వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని ఎరువుగా మారుస్తాయి. అందుకే లావా గట్టిపడి ఏర్పడిన కొత్త నేలలో కూడా కోఆ నిలదొక్కుకుంటుంది, పక్క చెట్లకూ బలం ఇస్తుంది.

ఇక విత్తనం. ఈ కథ మొత్తానికి కీలకం అదే. కోఆ గింజకు పెంకు చాలా గట్టిది. కిందపడిన గింజ వెంటనే మొలవదు. మట్టిలో పాతికేళ్ళ దాకా ప్రాణంతో పడుంటుంది. నిప్పు తగిలినా, నేల కదిలినా, పైన చెట్టు కూలి ఎండ పడినా అప్పుడు మేల్కొంటుంది. నర్సరీలో అయితే మరిగిన నీళ్ళు పోసి నానబెడతారు, లేదా పెంకును కొంచెం గీరుతారు. ఇంకో శక్తి కూడా ఉంది: చెట్టును కొట్టేసినా వేళ్ళ నుంచి పిలకలు వేస్తుంది. అంటే చావడం అంత సులువు కాని చెట్టు. మొదటి అయిదేళ్ళలోనే ఆరేడు మీటర్లు పెరిగే చెట్టు.

దీని మొండితనానికి ఇంకో సాక్ష్యం. హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్ పక్కన రీయూనియన్ దీవి ఉంది. అక్కడి కొండల్లో అచ్చం కోఆ లాంటి చెట్టే ఉంది. ఈ రెండు దీవుల మధ్య దాదాపు 18 వేల కిలోమీటర్లు. ఈ పోలిక ఎలా వచ్చిందని శాస్త్రవేత్తలు చాలాకాలం తల బద్దలు కొట్టుకున్నారు. 2014లో జన్యు పరిశోధన తేల్చిందేమంటే, రీయూనియన్ చెట్టు హవాయి కోఆ సంతానమే. సుమారు 14 లక్షల ఏళ్ళ కిందట గింజలు అంత దూరం వెళ్ళాయి. సముద్రపక్షులు మోసుకెళ్ళి ఉంటాయని అంచనా. సగం భూగోళం దాటి బతికిన చెట్టు, తన సొంత దీవిలో రెండు వందల ఏళ్ళలో కుదేలైంది.

పడవ చెట్టుకు ఒక పద్ధతి ఉండేది

పాతకాలం హవాయిలో భూమిని అహుపువా అనే పద్ధతిలో చూసేవాళ్ళు. కొండ శిఖరం నుంచి సముద్రం దాకా ఒక చీలికలాగా ఒక ఊరి నేల. పైన అడవి, మధ్యలో చేమదుంప మళ్ళు, కింద చేపలు. రాజు, దొరలు ఉండేవాళ్ళు, పన్నులూ ఉండేవి. అది స్వర్గమేమీ కాదు. కింది మైదానాల్లోని అడవిని పంటల కోసం కాల్చి మార్చింది కూడా ఆ ముత్తాతలే. కానీ నేల మీద అమ్మకం, కొనుగోలు అనే మాట లేదు.

పడవ కోసం కోఆను కొట్టాలంటే ఆ విద్య తెలిసిన పూజారి ముందు దేవతకు చెప్పుకోవాలి, చెట్టు కోసం కల రావాలని పడుకోవాలి. చెట్టును ఎంచుకున్నాక ఎలెపాయో అనే చిన్న పిట్ట కోసం ఎదురుచూస్తారు. పడవ చేసేవాళ్ళ దేవత లేయా ఆ పిట్ట రూపంలో వస్తుందని నమ్మకం. పిట్ట మాను మీద వాలి ముక్కుతో పొడుస్తూ తిరిగితే ఆ చెట్టు పనికిరాదు. ఊరికే మాను పొడవునా నడిచిపోతే మంచిది. ఇందులో మూఢనమ్మకం ఏముంది? పిట్ట పొడుస్తోందంటే లోపల పురుగులున్నాయని అర్థం. పురుగులున్న మాను సముద్రంలో పగులుతుంది. మన పెద్దవాళ్ళు ఇలాంటివి ఎన్ని చెప్పలేదు?

గంధం వెట్టి, తర్వాత ఆవులు

1778లో కెప్టెన్ కుక్ ఓడలు వచ్చాయి. వాటితో పాటు మేకలు వచ్చాయి, జబ్బులు వచ్చాయి. అప్పటి జనాభా మూడు లక్షలనీ, ఇంకా ఎక్కువేననీ రకరకాల అంచనాలున్నాయి. 1890ల నాటికి మూలవాసులు సుమారు 40 వేలమందే మిగిలారు. నాటు పడ్డవాళ్ళు కోతకు లేరు. అడవి ఎలా పోయిందని మాట్లాడేటప్పుడు మనుషులు ఎలా పోయారో మర్చిపోకూడదు.

తర్వాత గంధం వ్యాపారం. హవాయి కొండల్లోని గంధపు చెట్లకు చైనాలో గిరాకీ. దొరలు అమెరికా వర్తకుల దగ్గర అప్పుమీద సరుకులు తీసుకున్నారు, అప్పు తీర్చడానికి ప్రజలను కొండల మీదికి తోలారు. 1826లో చట్టమే చేశారు: ప్రతి మగవాడూ అర పికల్ గంధం, అంటే సుమారు 30 కిలోలు తెచ్చివ్వాలి, లేదా నాలుగు స్పానిష్ డాలర్లు కట్టాలి. దీన్ని మన భాషలో ఏమంటారో వేరే చెప్పక్కర్లేదు, వెట్టి. చేమ మళ్ళు బీడుపడి జనం ఆకలికి గురయ్యారు. కొన్నేళ్ళకే గంధం అయిపోయింది.

కోఆకు అసలు దెబ్బ ఇంకో వైపు నుంచి వచ్చింది. 1793లో వాంకూవర్ అనే ఇంగ్లిష్ కెప్టెన్ రాజు కమేహమేహాకు ఆవుల్ని కానుకగా ఇచ్చాడు. మరుసటి ఏడు ఇంకొన్ని తెచ్చాడు. అవి పెరగాలని పదేళ్ళపాటు ఎవరూ చంపకూడదని నిషేధం పెట్టారు. ఆ దీవుల్లో అంతవరకూ మేసే పెద్ద జంతువే లేదు. కాబట్టి అక్కడి మొక్కలకు ముళ్ళు గానీ చేదు గానీ అంతగా అవసరం పడలేదు. ఆవులకు కోఆ లేతాకు మహా ఇష్టం. అడవిలో పడి వేలల్లో పెరిగాయి. మొలకలన్నీ మేశాయి, వేరు పిలకలు మేశాయి, బెరడు ఒలిచాయి. పెద్ద చెట్లు నిలబడే ఉన్నాయి గానీ వాటి కింద పిల్ల చెట్టు లేదు. ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఊరు ఎలా ఉంటుందో, అడవి అలా తయారైంది. ఒక్కో ముసలి చెట్టూ కూలినప్పుడల్లా ఆ ఖాళీలో గడ్డి వచ్చింది. గడ్డి బాగుంది కదా అని ఇంకా పశువుల్ని తోలారు. పాతికేళ్ళు ఓపిక పట్టే విత్తనమైనా, యాభై ఏళ్ళు వరసగా మేపితే ఏం చేస్తుంది? మట్టిలోని నిల్వ అయిపోతుంది.

కాగితం వచ్చింది, నేల పోయింది

ఆవులు వాటంతట అవే కొండల్ని గెలవలేదు. వాటి వెనక భూమి కాగితాలు ఉన్నాయి.

1848లో మహేలే అనే భూ పంపిణీ జరిగింది. రాజుకు కొంత, దొరలకు కొంత, ప్రభుత్వానికి కొంత. 1850లో సామాన్యులకు కూడా, సాగులో ఉన్న నేల మీద హక్కు అడగొచ్చని చట్టం వచ్చింది. వినడానికి బాగుంది. కానీ గడువులోగా అర్జీ పెట్టాలి, సర్వే చేయించాలి, సాక్షుల్ని తీసుకెళ్ళాలి, ఖర్చు పెట్టుకోవాలి. అడవికి వెళ్ళి కట్టెలు, మందులు తెచ్చుకునే చోటు, బీడు పెట్టిన చోటు 'సాగు' కింద లెక్కకు రాలేదు. చివరికి సామాన్యులకు దక్కింది సుమారు 28,600 ఎకరాలు. దీవుల మొత్తం విస్తీర్ణం 40 లక్షల ఎకరాల పైమాట. ఒక శాతం కూడా కాదు. అదే 1850లో విదేశీయులు భూమి కొనొచ్చని ఇంకో చట్టం వచ్చింది. పశువుల రాంచీలు, చెరకు తోటలు అలా పెరిగాయి. పోడు పట్టాల కోసం అర్జీలు పట్టుకుని తిరిగిన ఇళ్ళ పిల్లలకు ఈ పేరా ఇంకొకరు వివరించక్కర్లేదు.

1893లో అమెరికా వర్తకులు, తోటల యజమానులు, అమెరికా నౌకాదళ సైనికుల అండతో రాణి లిలియుఓకలానీని గద్దె దింపారు. 1895లో ఆమెను ఆమె సొంత రాజభవనంలోనే మేడ మీద గదిలో బంధించారు. ఆ భవనంలో మేడకు వెళ్ళే పెద్ద మెట్లు కోఆ కలపతో చేసినవే. 1898లో దీవుల్ని అమెరికాలో కలుపుకున్నారు. రాజ్యానికి చెందిన దాదాపు 18 లక్షల ఎకరాలు అమెరికా చేతికి వెళ్ళాయి. సరిగ్గా వందేళ్ళకు, 1993లో, గద్దె దింపడం తప్పేనని అమెరికా పార్లమెంటు తీర్మానం చేసి క్షమాపణ చెప్పింది. భూమి మాత్రం తిరిగి ఇవ్వలేదు.

మధ్యలో అటవీ శాఖ వచ్చింది. 1903లో రిజర్వు అడవుల చట్టం చేశారు. కారణం పిట్టల మీద ప్రేమ కాదు. కొండల మీద చెట్లు పోయేసరికి చెరకు తోటలకు నీళ్ళు తగ్గాయి, తోటల యజమానులే గగ్గోలు పెట్టారు. కంచెలు వేశారు, అడవి పశువుల్ని తగ్గించారు, అది మంచిదే. కానీ మళ్ళీ నాటినప్పుడు ఏం నాటారో చూడండి: ఎక్కువగా యూకలిప్టస్, సరుగుడు, సిల్వర్ ఓక్ లాంటివి. మన దగ్గర కాగితం మిల్లుల కోసం పెంచే నీలగిరి, సముద్రం ఒడ్డున పెంచే సరుగుడు, అరకు కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ ఇలాంటివే. ఆస్ట్రేలియా వైపు చెట్లు ఆ కొండకూ ఈ కొండకూ ఒకే రకం ఆలోచనతో వచ్చాయి: తొందరగా పెరగాలి, లెక్కలో చెట్టు అనిపించుకోవాలి.

కంచె వేస్తే ఏం మొలిచింది

ఇప్పుడు ఆశ ఉన్న భాగానికి వద్దాం.

హవాయి అగ్నిపర్వతాల జాతీయ పార్కులో దశాబ్దాలపాటు మేకల్ని పట్టారు, కాల్చారు, అయినా అవి తగ్గలేదు. కంచె లేకుండా మేకల్ని తగ్గించడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. 1960ల చివర చిన్న ముక్క నేలకు కంచె కట్టి చూశారు. కొన్నాళ్ళకు లోపల ఒక తీగ మొలిచింది. మన తమ్మకాయ జాతి తీగ. అప్పటిదాకా ఏ శాస్త్రవేత్తా దానికి పేరు పెట్టలేదు, అలాంటి మొక్క ఉందనే తెలియదు. 1970లలో పెద్ద కంచెలు వేసి మేకల్ని బయటికి పంపాక, కోఆ వేళ్ళ నుంచి పిలకలు గుంపులుగా లేచాయి.

కెఔహౌ భూమిది ఇంకో ముచ్చట. అది బెర్నిస్ పౌఆహి బిషప్ అనే రాజవంశపు ఆడకూతురి ఆస్తిలో భాగం. తన భూములన్నీ పిల్లల చదువుకు చెందాలని వీలునామా రాసి, 1884లో చనిపోయింది. ఆ ఆస్తితోనే 1887లో కమేహమేహా బడులు మొదలయ్యాయి, హవాయి మూలవాసి పిల్లలు ఇప్పటికీ అక్కడ చదువుతున్నారు. ఆ ట్రస్టు కూడా కెఔహౌను పశువులకూ కలప నరకడానికీ ఇచ్చింది, అదీ నిజమే. 1970ల చివరలో అక్కడ బుల్‌డోజరుతో గడ్డిని గీకి మట్టిని కదిపారు, పశువుల్ని ఆపారు. నాటకుండానే కోఆ వనం లేచింది. ఇన్నాళ్ళూ గింజలు కింద ఎదురుచూస్తూనే ఉన్నాయన్నమాట. హవాయిలోఆ పడవ కోసం పిల్లలు మొక్కలు నాటింది కూడా అక్కడే.

ఇక హకలావ్. మౌనా కేయా కొండ తూర్పు వాలులో 1985లో పక్షుల రక్షణ కోసం పెట్టిన 32 వేల పైచిలుకు ఎకరాల అభయారణ్యం. పై భాగమంతా వందేళ్ళు మేసిన గడ్డిబీడు. అక్కడ గింజ నిల్వ అయిపోయింది కాబట్టి నాటక తప్పలేదు. అంత ఎత్తులో రాత్రి మంచు పడి లేత కోఆ మొక్కలు చచ్చిపోయేవి. మొక్కకు పక్కన చిన్న తెర నిలబెడితే బతుకుతుందని కనిపెట్టారు. సెలవుల్లో వచ్చే వలంటీర్లు, విద్యార్థులు కలిసి లక్షల మొక్కలు నాటారు. కోఆ కొంచెం ఎదిగాక దాని నీడలో ఓహియా, మిగతా మొక్కలు నాటుతున్నారు. ఆకియపోలావ్ అనే పిట్ట ఉంది, కింది ముక్కుతో బెరడును పొడిచి, వంకర తిరిగిన పై ముక్కుతో పురుగును లాగుతుంది. అది నాటిన కోఆ వనాల్లోకి మేతకు రావడం మొదలుపెట్టింది. కోఆ గింజలే తిని బతికిన కోఆ ఫించ్ పిట్టలు మాత్రం 1890ల తర్వాత ఎవరికీ కనబడలేదు. వాటికోసం ఎన్ని నాటినా ఇక రావు.

చెట్లు వచ్చాయి, అడవి వచ్చిందా?

ఈ భాగం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే చాలా పోస్టుల్లో "లక్ష మొక్కలు నాటారు, శభాష్" అని ఆపేస్తారు.

హకలావ్‌లో నాటి ముప్పై ఏళ్ళయిన కోఆల కింద చూస్తే చాలాచోట్ల ఇంకా గడ్డే ఉంది. కోఆ నేలకు నత్రజని ఇస్తుంది కదా, ఆ బలాన్ని ముందు బయటి నుంచి తెచ్చిన గడ్డే లాగేసుకుంటుంది. చిన్న మొక్కలకు చోటివ్వదు. కాబట్టి ఒక చెట్టు నాటితే మిగతా అడవి దానంతటదే వస్తుందన్న మాట అన్నిచోట్లా నిలవదు. గడ్డి తీయాలి, కింది మొక్కలు తెచ్చి పెట్టాలి, దశాబ్దాలు కూర్చోవాలి.

జబ్బు ఇంకో సమస్య. 1980లో కోఆ వడలు తెగులును గుర్తించారు. మట్టిలోని బూజు వేళ్ళలోంచి ఎక్కి చెట్టును ఎండబెడుతుంది. తక్కువ ఎత్తున్న చోట్ల నాటిన తోటలు కుప్పకూలాయి. దానికి విరుగుడుగా ఒక పద్ధతి నడుస్తోంది: చాలా తల్లిచెట్ల నుంచి గింజలు సేకరించి, మొలకలకు కావాలనే ఆ బూజు అంటించి, తట్టుకుని బతికిన కుటుంబాల నుంచి విత్తన తోటలు పెంచుతున్నారు. ఏ దీవి కొండకు ఆ కొండ గింజే వాడాలని కూడా నేర్చుకున్నారు. ఎక్కడో దొరికిన గింజను ఇంకెక్కడో నాటితే నిలవదు. స్థానికుడు అనే మాటకు చెట్ల దగ్గర ఉన్న అర్థం అది.

మనుషుల మధ్య గొడవ కూడా ఉంది. అడవి పందుల్నీ మేకల్నీ ఆపే కంచెల్ని వేటమీద బతికే స్థానికులు చాలామంది వ్యతిరేకిస్తారు. వేట మాంసం వాళ్ళ ఇంటి తిండి. కంచె పడితే దారి మూసుకుపోతుంది. పశువుల కాపరులుగా తరాలు గడిపిన మూలవాసి కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ళకు గడ్డిబీడు అంటే ఆక్రమణ మాత్రమే కాదు, తాత నడిచిన చోటు. అడవిని కాపాడటం అంటే అందరూ ఒకేమాట మీద ఉంటారనుకోవద్దు. అడగకుండా కంచె వేసిన చోట కంచె తెగింది. అడిగి, కూర్చుని మాట్లాడిన చోట నిలబడింది.

1921లో వచ్చిన ఒక చట్టం మూలవాసులకు ఇళ్ళకూ సాగుకూ సుమారు 2 లక్షల ఎకరాలు కేటాయించింది. సగం రక్తం మూలవాసిది అయితేనే అర్హత అన్నారు. వేలమంది ఇప్పటికీ వెయిటింగ్ లిస్టులో ఉన్నారు, లిస్టులోనే చనిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆ భూముల్లో మౌనా కేయా వాలు మీద సుమారు 56 వేల ఎకరాలున్నాయి, ఏళ్ళ తరబడి రాంచీలకు లీజుకిచ్చినవి. 2009లో ఆ భూమికి ఆయినా మౌనా అనే ప్రణాళిక ఆమోదించారు: కోఆ అడవిని తిరిగి పెంచాలి, ఎండి పడిన కోఆ కలప అమ్మి దానికే ఖర్చు పెట్టాలి, మూలవాసులకు ఇంటి స్థలాలూ అందులోనే ఉండాలి. అడవినీ మనిషినీ విడగొట్టకుండా ఆలోచించడం ఇందులో మాకు నచ్చిన విషయం. పని నెమ్మదిగా నడుస్తుంది, ఎందుకంటే చెట్టు నెమ్మదిగానే ముదురుతుంది. మంచి కోఆ కలపకు యాభై ఏళ్ళన్నా పడుతుంది. పడవ దుంగకు వందేళ్ళు, ఇంకా ఎక్కువ.

మనం దీన్నుంచి ఏం తీసుకోవాలి

హవాయిలో విత్తనం ఎప్పుడూ ద్రోహం చేయలేదు. గంధం వెట్టి, ఆవు, కాగితం, రిజర్వు గీత, వీటిలో ప్రతిదీ ఆ కొండ ఎవరి మాట వింటుందో మార్చింది. కొండ మీద నిర్ణయం తీసుకునే మనిషి మారినప్పుడల్లా అడవి మారింది. అందుకే అక్కడివాళ్ళు కోఆను పెంచడం అంటే నర్సరీ పని అనుకోవడం లేదు. భూమి, భాష, పడవ, బడి అన్నీ కలిపే చూస్తున్నారు.

మన దగ్గర 1882 మద్రాసు అటవీ చట్టం నుంచి ఇప్పటిదాకా జరిగింది మనకు తెలుసు. రంప తిరుగుబాట్లు, కొమురం భీం పోరాటం అడవి మీద మాట ఎవరిదన్న ప్రశ్న చుట్టూనే నడిచాయి. 2006 అటవీ హక్కుల చట్టం గురించి మాట్లాడితే మనవాళ్ళు ఎక్కువగా పోడు పట్టా దగ్గరే ఆగిపోతారు. అది కావాల్సిందే, ఎవరూ వదులుకోవద్దు. కానీ అదే చట్టంలో, సెక్షన్ 3(1)(ఐ)లో, ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకునే, తిరిగి పెంచుకునే, నిర్వహించుకునే హక్కు ఉంది. ఏ చెట్టు నాటాలి, ఎక్కడ మేపాలి, ఎక్కడ కంచె వేయాలి అన్నది గ్రామసభ కూర్చుని తేల్చుకునే దారి అది. ఆ హక్కు లేకపోతే మన కొండ మీద టేకు వరసలు పెట్టాలా, నీలగిరి పెట్టాలా అని ఇంకెవరో తేలుస్తారు. మనం కూలికి గోతులు తీస్తాం.

హక్కు అడిగేముందు మన దగ్గర జవాబు కూడా ఉండాలి. "మీకు అడవి ఇస్తే ఏం పెంచుతారు?" అని గ్రామసభలో అడిగితే, ఫలానా చెట్టు, ఫలానా గింజ, ఫలానా నెలలో అని చెప్పగలగాలి. ఇప్ప, తునికి, మద్ది, బండారు, నల్లజీడి, ఇవి మనకు పేర్లుగా తెలుసు. ఏ గింజ ఎప్పుడు రాలుతుంది, ఎన్నాళ్ళు నిలవుంటుంది, ఏది వేరు పిలక వేస్తుంది అన్నది మన తాతలకూ అవ్వలకూ తెలుసు. మనలో ఎంతమందికి తెలుసు? మౌ పియైలుగ్‌ను మైక్రోనేషియా నుంచి పిలుచుకోవాల్సి వచ్చినట్టు, రేపు మన అడవి గురించి చెప్పడానికి ఎవర్ని పిలుస్తాం?

అందుకని ఈ సెలవులకు ఊరు వెళ్ళేవాళ్ళందరికీ ఒక పని. ఇంట్లో, వీధిలో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. మీ చిన్నప్పుడు ఉండి ఇప్పుడు కనిపించని చెట్లు ఏవి? అవి ఎక్కడ ఉండేవి? వాటి గింజ ఇంకా ఎక్కడైనా దొరుకుతుందా? జవాబులు కోయ, గోండి, కువి, సవర, కొలామి, ఏ భాషలో చెబితే ఆ భాష మాటతోనే రాయండి, పక్కన తెలుగు పేరు తెలిస్తే చేర్చండి. ఊరు పేరు, చెట్టు పేరు ఉంటే చాలు. అన్నీ కలిపి ఒక పట్టిక చేద్దాం. గింజ దొరికినవాళ్ళు మాత్రం దాచి పెట్టుకోకండి, ఈ వానలకే రెండు మొక్కలు పెట్టండి.

జల్, జంగల్, జమీన్. జోహార్.